83 సెంటీమీటర్ల తప్పు

1998-99లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో కొందరు కంప్యూటర్ పరిశోధకులు పెట్టెల కొద్దీ సామాను దింపారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన బృందం అది. పెద్ద దిక్కు మార్క్ లెవాయ్ అనే ప్రొఫెసర్. మైకెలాంజెలో 1501లో మొదలుపెట్టి 1504లో ముగించిన డేవిడ్ విగ్రహాన్ని లేజరు వెలుగుతో ఆసాంతం తడిమి, కంప్యూటర్లోకి ఎక్కించడం వాళ్ళ పని. బయలుదేరే ముందే కళాచరిత్ర పుస్తకాలు చూసి విగ్రహం ఎత్తు 434 సెంటీమీటర్లని రాసుకున్నారు. లేజరును పైకీ కిందకీ మోసే ఇనప స్తంభాన్ని ఆ లెక్కకే కట్టించుకున్నారు. తీరా చూస్తే స్తంభం పొట్టిదైపోయింది. డేవిడ్ ఎత్తు పీఠం కాకుండానే 517 సెంటీమీటర్లు. స్తంభానికి అతుకు వేసి పొడవు పెంచాక గానీ పని సాగలేదు.

దాదాపు 500 ఏళ్ళుగా లోకమంతా కళ్ళప్పగించి చూసిన విగ్రహం. దాని ఎత్తులో 83 సెంటీమీటర్ల తేడా పుస్తకాల్లో హాయిగా కూర్చుంది. ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాస్తూ పోయారు. అయినా ఎవరికీ అనుమానం రాలేదేం? నాకు తోచిన కారణం ఒకటే. ఫొటోలో చూసినా, ఎదురుగా నిలబడి చూసినా మన కన్ను పట్టుకునేది పాళ్ళను. తలకు మొండెం ఎంత, మొండేనికి కాలు ఎంత అన్నది కన్ను ఇట్టే చెబుతుంది. మొత్తం ఎన్ని మీటర్లంటే మాత్రం నీళ్ళు నములుతుంది. శిల్పంలో రూపం వేరు, పరిమాణం వేరు. ఈ రెండింటినీ విడదీసి, విడివిడిగా మోసుకెళ్ళడం ఎలాగన్నదే శిల్పానికీ కంప్యూటరుకూ కుదిరిన చుట్టరికం. ఆ చుట్టరికం కంప్యూటర్ పుట్టాక కలిసింది కాదు, చాలా పాతది.

ఏ అంగుళం?

మన శిల్పశాస్త్రాల్లో అంగుళాలు ఒకటికి మించి ఉన్నాయి. (ఇంచీని మనం అంగుళం అంటున్నాం కాబట్టి ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవాలి.) మానాంగుళం అంటే నిలకడైన కొలత. ఎనిమిది యవలు, అంటే ఎనిమిది యవధాన్యపు గింజలు పక్కపక్కన పేర్చినంత. యవను ఎనిమిదితో భాగిస్తే యూక, దాన్ని ఎనిమిదితో భాగిస్తే లిక్ష, అలా వెంట్రుక కొనదాకా, రథం లేపిన ధూళిదాకా, చివరికి పరమాణువుదాకా దిగిపోతుంది ఆ లెక్క. ప్రతి మెట్టూ పై మెట్టులో ఎనిమిదో వంతే. రెండోది దేహాంగుళం. దీనికి సొంత పొడవు లేదు. చెక్కబోయే విగ్రహం ఎత్తును ఇన్ని భాగాలు చేస్తే అందులో ఒక భాగం దేహాంగుళం. విష్ణువు, శివుడు వంటి ప్రధాన దేవతలకు చెప్పిన ఉత్తమ దశతాలంలో ఎత్తు 124 భాగాలు. నవతాలంలో 108. తాలం అంటే 12 అంగుళాలు, ఉత్తమ దశతాలంలో మాత్రం పది తాలాల మీద ఇంకో నాలుగు అంగుళాలు కలుస్తాయి. వినాయకుడికి ఐదు తాలాలతో సరిపెడతారు, పొట్టిగా బొద్దుగా ఉండాలి కదా.

ఐదడుగుల విగ్రహానికి ఉత్తమ దశతాలంలో దేహాంగుళం 12 మిల్లీమీటర్ల పైచిలుకు. యాభై అడుగుల విగ్రహానికి అదే 12 సెంటీమీటర్లు దాటుతుంది. శాస్త్రం మాత్రం రెండింటికీ ఒకటే. ఎత్తు అనే ఒక్క అంకె మార్చగానే ముక్కు, మెడ, నాభి, మోకాలు అన్నీ వాటంతట అవే కొత్త కొలతకు సర్దుకుంటాయి. ఇవాళ డిజైన్ ఇంజినీర్లు పారామెట్రిక్ మోడల్ అని పిలుచుకునేది సరిగ్గా ఇలాంటిదే. సాఫ్ట్‌వేర్ వాళ్ళ గొప్పను తగ్గించాలని ఈ మాట అనడం లేదు. మన పాత గ్రంథాల్లో అన్నీ ఉన్నాయిష అనే బడాయి కూడా కాదు. దేహాంగుళం ఏ రహస్య విజ్ఞానమూ కాదు, చక్కని లెక్కల ఉపాయం. ఉపాయాన్ని ఉపాయంగానే మెచ్చుకుందాం.

తమిళనాడు స్వామిమలైలో పంచలోహ విగ్రహాలు పోసే స్థపతులు ఈ లెక్కను కొబ్బరాకుతో తేలుస్తారు. ఈనె తీసిన ఆకును విగ్రహం ఎత్తుకు కోసి, మడతలు పెడతారు. మడత పడిన చోట్లే అవయవాల హద్దులు. స్కేలు లేదు, అంకె లేదు, నిష్పత్తి మాత్రమే ఉంది. ఆకు ఎండిపోతే పారేసి ఇంకోటి మడుస్తారు.

ఆకు పొడవును చూపిస్తుంది, సరే. ముక్కు ముందుకు ఎంత వచ్చింది, పొట్ట ఎంత లోపలికి పోయింది అన్నదో? మానసారం అనే శిల్పశాస్త్ర గ్రంథంలో దీనికోసం ఒక అధ్యాయమే ఉంది. విగ్రహం తలపైన ఒక పలకను బల్లపరుపుగా నిలిపి, దాని రంధ్రాల్లోంచి బరువు కట్టిన దారాలు జారవిడవాలి. దాని పేరు ప్రలంబ ఫలకం. దారాలు ఐదు నుంచి పదకొండు దాకా ఉండొచ్చు. ఒక్కో దారం నుంచి శరీరంలో ఏ భాగం ఎన్ని అంగుళాల దూరంలో ఉండాలో శాస్త్రం చెబుతుంది. బడిలో గ్రాఫు కాగితం మీద ఎక్స్, వై అక్షాలు గీశాం కదా, ఆ అక్షాలను దారంతో గాలిలో గీస్తే ఈ ఫలకం అవుతుంది.

సగం అక్కడ, సగం ఇక్కడ

15వ శతాబ్దంలో ఇటలీ పండితుడు లియోన్ బత్తిస్తా అల్బెర్టీ ఇలాంటి సాధనాన్నే ఇంకో దారిలో పట్టుకున్నాడు. విగ్రహం నెత్తిన ఒక గుండ్రటి పలక. పలక అంచున డిగ్రీల గీతలు. నడిమి నుంచి గడియారం ముల్లులా తిరిగే ఒక బద్ద. బద్ద నుంచి వేలాడే లంబసూత్రం. విగ్రహం మీద ఏ చుక్కనైనా మూడు అంకెల్లో చెప్పేయొచ్చు: బద్ద ఎంత తిరిగింది, దారం నడిమి నుంచి ఎంత దూరం, పై నుంచి ఎంత కిందికి. ఈ అంకెల పట్టీ చేతిలో ఉంటే విగ్రహం సగాన్ని గ్రీసులోని పారోస్ దీవిలో, మిగతా సగాన్ని ఇటలీ కొండల్లో చెక్కి తెచ్చినా రెండూ అతికినట్టు సరిపోతాయని అల్బెర్టీ ధీమాగా రాశాడు. అలా ఎవరైనా చేసి చూశారా అన్నది పక్కన పెడదాం. విగ్రహాన్ని కదపకుండా దాని రూపాన్ని అంకెల మూటగా కట్టి పంపొచ్చన్న ఆలోచన ఉంది చూశారూ, దాని విలువ ఆయన తర్వాత 500 ఏళ్ళకు గానీ తెలియలేదు.

పనివాళ్ళు అంత దూరం పోలేదు. వాళ్ళకు అంకెలు అక్కర్లేదు, చుక్క కావాలి. 18వ శతాబ్దంలో స్థిరపడిన పాయింటింగ్ యంత్రం ఆ అవసరం తీర్చింది. నమూనా మీద మూడు స్థిరమైన చోట్ల ఆనే ఒక చట్రం, దానికి ముందుకూ వెనక్కూ జారే సూది. సూది మొన నమూనాను తాకగానే మర బిగిస్తారు. చట్రాన్ని తీసుకెళ్ళి రాతి మీద అవే మూడు చోట్ల ఆనిస్తారు. సూది ఆగిన చోటిదాకా రాయి తొలవాలి. ఇలా వందల చుక్కలు. ఆ తర్వాత యూరప్‌లో పేరుమోసిన శిల్పుల పాలరాతి విగ్రహాలు చాలా మటుకు ఈ పద్ధతిలో సహాయకులు చెక్కినవే. పెద్దాయన మట్టిలో రూపం చేస్తాడు, రాతిలోకి చుక్కలు మోసేది పనివాళ్ళు. యంత్రంతో చేయిస్తే అది కళ అవుతుందా అని ఇవాళ వాదించేవాళ్ళు ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి.

ఆవిరి యంత్రపు జేమ్స్ వాట్ కూడా రిటైరయ్యాక ఇంటి అటక మీద కూర్చుని విగ్రహాలకు నకళ్ళు తీసే యంత్రాలు చేసుకున్నాడు. ఆ గదిని లండన్ సైన్స్ మ్యూజియంలో ఉన్నదున్నట్టు చూపిస్తున్నారు. నాకు ఇంకా నచ్చేది ఫ్రాన్స్‌వా విలెం అనే ఫ్రెంచివాడి కథ. 1860 ప్రాంతంలో ప్యారిస్‌లో గుండ్రటి స్టూడియో కట్టి, చుట్టూ 24 కెమెరాలు పెట్టాడు. మనిషిని మధ్యలో నిలబెట్టి అన్నివైపుల నుంచీ ఒకేసారి ఫొటో. ప్రతి 15 డిగ్రీలకూ ఒక ఆకారపు అంచు. ఆ అంచులను ఒక్కొక్కటే పాంటోగ్రాఫ్ అనే నకలు చట్రంతో మట్టిలోకి దించి, మట్టిముద్దను తిప్పుతూ 24 వైపులా కోసేవాడు. చివర్లో చేతితో నునుపు చేసేవాడు. వ్యాపారం నాలుగు కాలాలు నిలవలేదు గానీ ఆలోచన నిలిచింది. ఇవాళ సినిమా వాళ్ళు నటుడి చుట్టూ పదుల కెమెరాలు పెట్టి కంప్యూటర్ బొమ్మ చేసేది ఇదే ఉపాయంతో.

కిటికీ ఊచ నీడ

లేజరు స్కానర్ ఎలా పని చేస్తుందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. సాయంత్రం ఎండలో కిటికీ ఊచ నీడ నేల మీద తిన్నగా పడుతుంది. అదే నీడ మెట్ల మీద పడితే మెట్టు మెట్టుకూ విరుగుతుంది. ఆ విరుపులో మెట్టు ఎత్తు దాగి ఉంటుంది. ఎండ ఏ కోణంలో వస్తోందో, మనం ఏ కోణంలో చూస్తున్నామో తెలిస్తే విరుపును కొలిచి ఎత్తు చెప్పేయొచ్చు. ఎనిమిదో తరగతి త్రిభుజాల లెక్క. లేజరు స్కానర్ నీడకు బదులు ఎర్రటి వెలుగు గీత వేస్తుంది. పక్కన కొంత దూరంలో ఉన్న కెమెరా ఆ గీత రాతి మీద ఎలా వంకరలు పోయిందో చూస్తుంది. గీత జరుగుతుంది, కెమెరా చూస్తుంది, లెక్క నడుస్తుంది.

డేవిడ్ మీద ఈ గీత 30 రాత్రులు నడిచింది. పగలు సందర్శకులు, రాత్రి లేజరు. 22 మంది మనుషులు. పావు మిల్లీమీటరుకు ఒక చుక్క చొప్పున కొలిచారు, ఉలి గాట్లు కూడా కంప్యూటర్లోకి రావాలని. చివరికి తేలిన రూపంలో 200 కోట్ల చిన్న చిన్న ముఖాలు, వాటికి తోడు 7,000 రంగు ఫొటోలు.

అంతా సాఫీగా జరగలేదు. పాలరాయి మొండికేసింది. చీకట్లో టార్చిలైటు మీద అరచేయి పెడితే చేయి ఎర్రగా వెలగడం చిన్నప్పుడు అందరం చూశాం. వెలుగు చర్మం మీదే ఆగకుండా లోపలికి దూరి, చెదిరి, బయటపడుతుంది. పాలరాయి కూడా అంతే. దాని అందమంతా ఆ గుణంలోనే ఉంది, రాయి ఒళ్ళులా కనిపించేది అందుకే. కొలిచేవాడికి మాత్రం అది శాపం. సన్నటి గీత రాతిలోకి ఇంకి, మసకబారి, ఉన్న చోటికి కాస్త పక్కన కనిపిస్తుంది.

మన రాళ్ళతో తంటా దీనికి పూర్తిగా తలకిందులు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి మదనికలు నల్లటి డోలరైటు రాతివి, అద్దంలా నునుపు తేలినవి. వాటి మీద పడిన వెలుగు లోపలికి పోదు, అద్దం మీద పడ్డట్టు ఒకే దిక్కుకు తుళ్ళిపోతుంది. ఆ దిక్కున కెమెరా ఉంటే కళ్ళు బైర్లు కమ్ముతాయి, లేకపోతే ఏమీ కనిపించదు. కర్మాగారాల్లో మెరిసే ఇనప భాగాలను కొలవాల్సి వస్తే తెల్లపొడి చల్లి మెరుపు చంపేస్తారు. 800 ఏళ్ళ మదనిక మీద పొడి చల్లుతామంటే ఎవరు ఊరుకుంటారు! కాబట్టి వెలుగు కోణాలు మారుస్తూ, ఓపిగ్గా, పది సార్లు చేయాలి. విదేశాల్లో తెల్లరాతి మీద అలవాటుపడ్డ పరికరం ఇక్కడ నల్లరాతి ముందు తడబడితే తప్పు శిల్పిదీ కాదు, పరికరందీ కాదు. రాతి స్వభావం తెలియకుండా కొన్నవాడిది.

ఒక్క స్కానులో విగ్రహమంతా రాదు. డేవిడ్‌కు వందల ముక్కలు అయ్యాయి. వాటిని అతకడం పగిలిన కుండ పెంకులను కలపడం లాంటిదే. పక్కపక్క ముక్కలు కొంత మేర ఒకదానిమీద ఒకటి వచ్చేలా తీస్తారు. ఒక ముక్కలోని ప్రతి చుక్కకూ రెండో ముక్కలో దగ్గరి చుక్క ఏదో కంప్యూటర్ వెతుకుతుంది. ఆ జతల మధ్య ఎడం తగ్గేలా ముక్కను కాస్త జరుపుతుంది, తిప్పుతుంది. మళ్ళీ వెతుకుతుంది, మళ్ళీ జరుపుతుంది. ఈ పద్ధతిని 1992లో పాల్ బెస్ల్, నీల్ మెకే అనే ఇద్దరు రాసిపెట్టారు. ఇందులో ఒక చిక్కుంది. ముక్కకూ ముక్కకూ వెంట్రుకవాసి తేడా వచ్చినా విగ్రహం చుట్టూ తిరిగి వచ్చేసరికి అది పేరుకుపోతుంది. మెలికల ముగ్గు వేస్తూ వేస్తూ చివరి గీత మొదటి చుక్కకు అందకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి, సరిగ్గా అలాగే. అప్పుడు తేడానంతా ఒక్క చోట మోపకుండా ముక్కలన్నిటికీ తలా కొంచెం పంచుతారు.

రూపం అంకెల్లోకి వచ్చాక ఊరికే దొరికే లాభాలు కొన్ని ఉన్నాయి. డేవిడ్ ఘనపరిమాణం 2.2 ఘనపు మీటర్లని తేలింది. పాలరాతి సాంద్రతతో గుణిస్తే బరువు దాదాపు 5,800 కిలోలు. తక్కెడ ఎక్కించకుండానే తూచేశారు. ఈ ఉపాయం మన పోతపని వాళ్ళకు కొత్త కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడి మానసోల్లాసం అనే గ్రంథం, విగ్రహం పోయడానికి మైనం బరువుకు ఎనిమిది రెట్లు రాగి గానీ ఇత్తడి గానీ తీసుకోమంది. తేనెమైనం నీటికంటే కాస్త తేలిక, రాగి నీటికి దాదాపు తొమ్మిది రెట్లు బరువు. మైనంలో గుగ్గిలం కలిపితే మైనం ముద్ద ఇంకాస్త బరువెక్కుతుంది, నిష్పత్తి ఎనిమిది వైపు దిగుతుంది. ఘనపరిమాణం అనే మాట ఎత్తకుండానే లెక్క కుదిరింది.

అంకెల నుంచి రాతికి

ఇప్పుడు తిరుగు ప్రయాణం. 1952లో అమెరికాలోని ఎంఐటీలో, కాగితపు టేపు మీద పొడిచిన చిల్లులు చెప్పినట్టు కదిలే మిల్లింగ్ యంత్రాన్ని చూపించారు. దాని వెనక ఆలోచన జాన్ పార్సన్స్‌ది. హెలికాప్టర్ రెక్కల వంపులు తేల్చడంలో పడ్డ అవస్థ నుంచి పుట్టిన ఆలోచన. ఇవాళ మన ఊళ్ళలో తలుపుల దుకాణానికి వెళితే, టేకు సింహద్వారం మీద లక్ష్మీదేవినో గజరాజునో చెక్కేసే సీఎన్‌సీ యంత్రం దానికి మనవడు.

అలాంటి తలుపు కొనబోతున్నారా? ఒక పరీక్ష చెబుతాను. వేలి గోరుతో లోతట్టు మూలలు తడమండి. యంత్రంలో తిరిగే మొన చిన్న గోళీలా గుండ్రంగా ఉంటుంది. మొన వ్యాసార్థం 3 మిల్లీమీటర్లయితే అంతకంటే బిగువైన మూలను అది చేయలేదు, ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ నడిపినా సరే. చేతి ఉలి కళ్ళ కొసను సూదిలా తేల్చగలదు, యంత్రం దాన్ని గుండ్రం చేసి వదులుతుంది. ఇక నునుపు తలాల మీద వెలుగు ఏటవాలుగా పడేలా చూడండి. దుక్కి చాళ్ళలా సన్నటి గట్లు కనిపిస్తాయి. అదే 3 మిల్లీమీటర్ల మొనతో చాలుకూ చాలుకూ మధ్య 2 మిల్లీమీటర్ల ఎడం పెడితే గట్టు ఎత్తు 0.17 మిల్లీమీటర్లు. ఎడం ఒక మిల్లీమీటరుకు తగ్గిస్తే గట్టు 0.04కు, అంటే నాలుగో వంతుకు పడిపోతుంది. కాకపోతే యంత్రం రెట్టింపు సేపు తిరగాలి. గట్లు కొట్టొచ్చినట్టు కనిపించే తలుపు అంటే కరెంటు బిల్లు మిగుల్చుకున్న తలుపు.

తలుపు చెక్కే యంత్రం పైనుంచే పొడవగలదు. నాలుగు వైపులా తిరిగి చూసే విగ్రహానికి, చంకలోకి, జడ వెనక్కి, హారం కిందికి దూరే చేయి కావాలి. ఇటలీలోని కరారాలో, మైకెలాంజెలో రాయి తెచ్చుకున్న గనుల ఊళ్ళోనే, ఆరు కీళ్ళ రోబో చేతులు ఇప్పుడు ఆ పని చేస్తున్నాయి. విగ్రహం తిరుగుడు పీట మీద, రోబో చేతిలో వజ్రపు రజను అద్దిన మొన, దాని మీద ఎడతెగని నీటి ధార. నెలల పని వారాల్లోకి వచ్చింది. అయితే చివరి కొద్ది మిల్లీమీటర్ల రాయిని రోబో ముట్టదు. అక్కడి నుంచి మనిషి.

ఈ రోబోలు ముందుగా కరారాలో కుదురుకోవడం వెనక రాతి మెత్తదనం కూడా ఉంది. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ వరసలో పాలరాతిలోని కాల్సైటు 3. అమరావతి స్తూపానికి వాడిన పల్నాటి సున్నపురాయి కూడా ఆ కుటుంబమే. బేలూరు, హళేబీడు శిల్పాల సబ్బురాతిలో ఉండే టాల్కు అయితే 1. మన లేపాక్షి, హంపి గ్రానైటులో ఉండే ఫెల్డ్‌స్పారు 6, క్వార్ట్జు 7. గ్రానైటు ముందు ఏ మొన అయినా గబగబా అరిగిపోతుంది, పని నెమ్మదిస్తుంది, ఖర్చు పెరుగుతుంది. రాతి గుణం ఒక్కో చోట ఒక్కో శైలిని పుట్టించింది. హొయసల విగ్రహాల నగల్లోని నాజూకు గ్రానైటులో రాదు, విజయనగర స్తంభాల దిటవు సబ్బురాతికి లేదు. ఏ ఊళ్ళో యంత్రానికి చవగ్గా పని దొరుకుతుందో నిర్ణయించేది కూడా ఆ గుణమే.

నేను యంత్రాన్ని తప్పు పట్టను. గ్రానైటు పొడిలోని క్వార్ట్జు ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే నయం కాని జబ్బు వస్తుంది. గ్రైండర్ అందుబాటులోకి వచ్చాక దుమ్ము ఇంకా మెత్తనై, ఇంకా లోతుకు పోతోంది. నీటి ధార కింద మూసిన గదిలో యంత్రం కోస్తే ఆ మేరకు ఒక శిల్పి ఊపిరి మిగిలినట్టే. ఆ ఒక్క కారణం చాలు యంత్రాన్ని ఆహ్వానించడానికి.

నన్ను కలవరపెట్టేది వేరే. పాత శిల్పశాలలో కుర్రవాడు చేరగానే విగ్రహం ముట్టనివ్వరు. ఉలికి పదును పెట్టాలి. ఆ తర్వాత అదనపు రాయి కొట్టేయాలి, తర్వాత పీఠం, తర్వాత నగలు. ముఖం దాకా రావడానికి ఏళ్ళు పడుతుంది. కళ్ళు పెద్ద స్థపతి చేతి మీదే. అదనపు రాయి కొట్టే ఆ రోజుల్లోనే చేయి రాతిని నేర్చుకుంటుంది. ఏ దిక్కున కొడితే చెక్క లేస్తుంది, ఏ దిక్కున పగులుతుంది, మోత గంటలా ఖంగుమందా, మొద్దుగా వచ్చిందా. మన శాస్త్రాలు రాళ్ళను మోతను బట్టి పురుష శిల, స్త్రీ శిల, నపుంసక శిల అని వేరు చేశాయి. పేర్లు మనకు వింతగా ఉన్నా పరీక్ష అసలైనదే. లోపల పగులు ఉంటే కంపనం అక్కడ చచ్చిపోతుంది, మోత మొద్దుబారుతుంది. ఇవాళ ఇంజినీర్లు అల్ట్రాసౌండ్‌తో పట్టేది ఆ పగుళ్ళనే. రోబో సరిగ్గా ఈ దశనే తన చేతిలోకి తీసుకుంది. పని తేలికైంది, నిజమే. కానీ అది పని మాత్రమే కాదు, కుర్రవాడి బడి కూడా. చివరి మూడు మిల్లీమీటర్లు చెక్కగలిగే చేయి మొదటి ముప్పై సెంటీమీటర్లు కొట్టకుండా ఎలా తయారవుతుంది? కరారా దగ్గర దీనికి జవాబు ఉన్నట్టు నాకు కనిపించలేదు. మన దగ్గర ఇంకా సమయం ఉంది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం 1960 నుంచి నడుపుతున్న సంప్రదాయ శిల్పకళా సంస్థ వంటి చోట్ల ఉలి, స్కానరు రెండూ ఒకే విద్యార్థి చేతిలో పెట్టాలి. స్కానింగును ఇంజినీరుకు, చెక్కుడును శిల్పికి పంచేస్తే శిల్పి రేపటికి పాలిషు కూలీగా మిగులుతాడు.

మైనం దగ్గర రాజీ

పోత విగ్రహాల విషయంలో పొత్తు ఇంతకంటే ఒద్దికగా కుదిరింది. మధూచ్ఛిష్ట విధానంలో మైనపు బొమ్మ మీద మట్టి పూసి, కాల్చి, మైనం కరిగి కారిపోయాక ఆ ఖాళీలో లోహం పోస్తారు. 1983లో చక్ హల్ అనే అమెరికన్ ద్రవ రెజిన్‌ను వెలుగుతో పొర మీద పొరగా గట్టిపరిచి తొలి త్రీడీ ముద్రణ చేశాడు. అలా ముద్రించిన బొమ్మనే మైనం బదులు మట్టిలో పొదిగితే సరిపోదా అనిపిస్తుంది. అక్కడే చిక్కు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరిగి బుద్ధిగా బయటికి కారుతుంది. గట్టిపడిన రెజిన్ కరగదు. వేడికి ముందు ఉబ్బుతుంది, ఆ తర్వాతే కాలుతుంది. ఆ ఉబ్బుకు అచ్చు పగులుతుంది. కాలాక బూడిద మిగిలితే అది లోహం మీద మచ్చ అవుతుంది. అందుకని లోపల తేనెపట్టులా డొల్లగా ముద్రించడం, బూడిద మిగలని ప్రత్యేక రెజిన్లు వాడడం లాంటి తంటాలు పడతారు. నగల పరిశ్రమ ఆ దారినే వెళ్ళింది.

విగ్రహాలకు నాకు నచ్చిన దారి ఇంకోటి. ముద్రించిన బొమ్మ నుంచి సిలికాన్ అచ్చు తీసి, అందులో మైనం పోసి, ఆ మైనాన్ని స్థపతి చేతిలో పెట్టడం. కాల్చిన కత్తితో ఆయన ముక్కు సరిదిద్దుతాడు, వేళ్ళకు వంపు ఇస్తాడు. ఆ తర్వాత మామూలుగా మట్టి, మంట, లోహం. చల్లారేటప్పుడు కంచు నూటికి ఒకటి రెండు పాళ్ళు కుంచించుకుపోతుంది. ఆ మేరకు బొమ్మను ముందే పెంచడం కంప్యూటరుకు ఒక్క మీట నొక్కినంత పని.

పెంచడం అంటే గుర్తొచ్చింది. గుజరాత్‌లో 2018లో ఆవిష్కరించిన పటేల్ విగ్రహం ఎత్తు 182 మీటర్లు. శిల్పి రామ్ సుతార్ బృందం చేసిన 30 అడుగుల నమూనాను అంకెల్లోకి ఎక్కించి పెంచారు. అంటే దాదాపు 20 రెట్లు. నమూనా మీద ఒక మిల్లీమీటరు వేలి నొక్కు అక్కడ రెండు సెంటీమీటర్ల గుంట. ఎత్తు 20 రెట్లయితే ఉపరితలం 400 రెట్లు, ఘనపరిమాణం 8,000 రెట్లు. పెంచే కొద్దీ బరువు దాన్ని మోసే బలాన్ని దాటిపోయే ఈ చిక్కును 1638లోనే గెలీలియో రాసిపెట్టాడు. అందుకే లోపల కాంక్రీటు, ఉక్కు, పైన కంచు తొడుగు మాత్రమే. ఆ కంచు పలకలు చైనాలో పోతపోసుకుని వచ్చాయి. హైదరాబాదు దగ్గర ముచ్చింతల్‌లో 2022లో ఆవిష్కరించిన, పీఠంతో కలిపి 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం కూడా చైనాలో ముక్కలుగా తయారై, ఓడలెక్కి, ఇక్కడ అతుక్కుంది. అల్బెర్టీ పారోస్ కల నెరవేరిందంటే ఇదే. ఇంత కొండంత పనిలో శిల్పి వేలిముద్ర ఎంత మిగిలిందంటే, నా లెక్కలో ఆ 30 అడుగుల నమూనా మీద ఉన్నంతే. పైదంతా మంచి ఇంజినీరింగ్.

మబ్బు పట్టిన రోజున

2001 మార్చిలో అఫ్గానిస్థాన్‌లోని బామియాన్ బుద్ధులను పేల్చేశారు. పెద్ద బుద్ధుడు 53 మీటర్ల పైమాటే. ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లోని జూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆర్మిన్ గ్రూయెన్ బృందం ఆ విగ్రహాన్ని కంప్యూటర్లో తిరిగి నిలబెట్టింది. వాళ్ళ అసలు ఆధారం మూడంటే మూడు ఫొటోలు. 1970లో రాబర్ట్ కోస్ట్కా అనే ఆస్ట్రియా ప్రొఫెసర్ తీసినవి. పర్యాటకులు తీసిన ఫొటోలు కుప్పలుగా ఉన్నా ఈ మూడే ఎందుకు అక్కరకు వచ్చాయంటే, కోస్ట్కా వాటిని కొలత కోసమే తీశాడు, కొలతల కెమెరాతో.

ఇవాళ అలాంటి పని మీ జేబులోని ఫోను చేయగలదు. మీ ఊరి చివర, చెరువు గట్టు మీదనో పాత గుడి వెనకనో, వానకు అరిగిన వీరగల్లు ఒకటి ఉండే ఉంటుంది. దానికి ఎవరూ కాపలా లేరు. రేపు జీర్ణోద్ధరణ పేరుతో ఎనామిల్ రంగు పూస్తారు, లేదా రోడ్డు వెడల్పు చేస్తూ జేసీబీతో పక్కకు నెడతారు. అంతకు ముందే వెళ్ళండి. గర్భాలయాల జోలికి పోవద్దు, పెద్దల అనుమతి అడగండి. మబ్బు పట్టిన రోజైతే మంచిది, ఎండ నీడలు జరిగి కంప్యూటర్‌ను మోసం చేస్తాయి. రాతి మీద నూనె జిడ్డు మెరుస్తుంటే ఆ మెరుపు కూడా మీతోపాటు జరుగుతుంది, పక్కకు జరిగి తీయండి. చుట్టూ తిరుగుతూ, ఒక్కో ఫొటోలో ముందు ఫొటోలోని మూడింట రెండు వంతులు మళ్ళీ కనిపించేలా, అరవై డెబ్బై ఫొటోలు. పై నుంచి కొన్ని, కింద కూర్చుని కొన్ని. వాటిని కలిపి రూపం కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

ఆ ఫొటోల నుంచి రూపం ఎంత చక్కగా వచ్చినా అది అరచేతిలో పట్టేదో ఆరడుగులదో కంప్యూటరుకు తెలియదు, దేహాంగుళం లాగే దానికీ సొంత పొడవు లేదు. కాబట్టి మొదటి ఫొటో తీసే ముందు రాతి పక్కన ఒక అడుగు స్కేలు ఆనించి పెట్టండి.